ఎర్రగడ్డల బండ మీద సముద్రం

పులివెందుల వెళ్తున్నానని చెప్పగానే కాకినాడలో నాకు ముందస్తు సంతాపసభ జరిగింది. పక్కింటి పంతులుగారు దినపత్రికల్లో వచ్చిన బాంబు వార్తలన్నీ వరసగా చదివి వినిపించారు. మా అత్తగారు నాతో మాట్లాడడం మానేశారు. కాలేజీలో ఒక సహోద్యోగి, సముద్రం ఒడ్డున కాపురముండి సముద్రాన్ని వెతుక్కుంటూ కడప జిల్లాకి పోయే మనిషిని మిమ్మల్నే చూశానండీ అన్నాడు. వెటకారంగా అన్నా ఆ మాట నిజం. నేను వెళ్ళింది సముద్రం కోసమే. చూసి వచ్చాను కూడా. వెళ్ళనివాళ్ళు కాస్త కుళ్ళుకుంటారనే ఆశతోనే ఇదంతా రాస్తున్నాను.

నేను భూగర్భశాస్త్రం చెప్పుకునే పంతులమ్మని. అంతకుముందు ఏడాది ప్రొద్దుటూరు నుంచి నా హాస్టల్ రోజుల స్నేహితురాలు రజియా ఒక నల్లటి చెకుముకి రాయి పంపించింది. తను అక్కడి కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. తన శిష్యురాలొకతె, మా ఊరి వంకలో దొరికింది మేడం, చారలు బాగున్నాయి అని తెచ్చి ఇచ్చిందట. నేను దాన్ని పలచటి పలకగా కోసి, గాజు మీద అతికించి, వెలుతురు దూరేదాకా అరగదీసి మైక్రోస్కోపు కింద పెట్టాను.

గుండ్రటి కణాలు కనిపించాయి. ఒకటి, దాని పక్కన ఇంకొకటి, రెండుగా విడిపోతూ అలాగే ఆగిపోయిన జంట ఒకటి, పూసలు గుచ్చినట్టు కొన్ని వరసలు. తల వెంట్రుక మందంలో కొన్నిటిని పక్కపక్కన సర్దేయొచ్చు, అంత చిన్నవి. చేప పుట్టకముందు, నత్త పుట్టకముందు, నేల మీద గడ్డిపరక మొలవకముందు, వంద కోట్ల ఏళ్ళకి కూడా చాలా ముందు బతికిన ప్రాణాలవి. వీటినే సూక్ష్మ శిలాజాలంటాం. ల్యాబులో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది గానీ, ఉంటే ఆ రోజు నేను వేసిన గంతులకి ఉద్యోగం ఊడేది.

ఆ పలక పట్టుకుని యూనివర్సిటీలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. చాలాసేపు చూశారు. చూసి, "వంకలో దొరికిన రాయికి ఊరేదమ్మా, పేరేదమ్మా? అది పుట్టిన పొర దగ్గర నిలబడి కొట్టి తెచ్చినప్పుడు మాట్లాడదాం" అన్నారు. ఒళ్ళు మండింది. ఆయన అన్నది ముమ్మాటికీ నిజం కాబట్టి ఇంకా మండింది. వరద ఎక్కణ్ణుంచి దొర్లించుకొచ్చిందో తెలియని రాయి సాక్ష్యానికి పనికిరాదు. అదే దాని పొర దొరికితే, కిందా పైనా ఉన్న పొరలు కూడా తెగకుండా చదవగలిగితే, ఆ ప్రాణాలు లోతు సముద్రంలో బతికాయో, ఒడ్డున మోకాలి లోతు నీళ్ళలో బతికాయో చెప్పేయొచ్చు.

సెలవులు చూసుకుని వెళ్దామనుకుంటూ ఉండగా రజియా ట్రంక్ కాల్ చేసింది. "నీ రాయి వచ్చిన కొండకు తూట్లు కొడతాండారంట. మందు పెట్టి పేల్చి, కంకర చేసి రోడ్డుకు తోలతారంట. వస్తే ఇప్పుడే రా. ఆలస్యమైతే రోడ్డు మీద ఏరుకుందువు" అంది. రెండు చీరలు, సుత్తి, టేపు, భూతద్దం, ఆ గాజు పలక సంచిలో వేసుకుని బయల్దేరాను.

ప్రొద్దుటూరు

పొద్దున్నే దిగాను. బజారు ఇంకా పూర్తిగా లేవలేదు గానీ బంగారం అంగళ్ళ ముందు మాత్రం అప్పటికే నీళ్ళు చల్లి ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి అన్ని బంగారం అంగళ్ళు నేను మా వైపు ఎక్కడా చూడలేదు. వానలు లేవు, పంటలు లేవు అని వినీవినీ వచ్చిన మనిషిని, ఆ వీధి చూసి కాస్త సిగ్గుపడ్డాను.

రజియా నన్ను తిన్నగా దోశ తినడానికి తీసుకెళ్ళింది. మా కాకినాడలో దోశ తెచ్చేవాడు "చెప్పండి మేడం గారూ" అంటాడు, మళ్ళీ చట్నీ అడిగితే వినపడనట్టు వెళ్ళిపోతాడు. ఇక్కడాయన "ఏం కావల్ల?" అని మొహం మీదే అడిగాడు. ఎర్రకారం పూసిన దోశ, పక్కన చెనిక్కాయల ఊరిబిండి తెచ్చి పెట్టాడు. చెనిక్కాయలంటే మా వేరుశెనగలే, ఊరిబిండంటే పచ్చడి. రెండో ముక్కకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అడక్కుండానే వచ్చి ఇంత వెన్నముద్ద వేసి వెళ్ళాడు, దానికి పైసా తీసుకోలేదు. రజియా నవ్వి, మీ కోస్తావాళ్ళు తిట్టేటప్పుడు కూడా అండీ అంటారు, మేము ప్రేమగా అడిగినా కొట్టేదానికి వచ్చినట్టుంటుంది అంది.

తన కాలేజీ మైక్రోస్కోపుని పాత దుప్పటిలో చుట్టి చెక్కపెట్టెలో పెట్టి ఇచ్చింది. కరెంటు అక్కర్లేనిది, కింద అద్దం తిప్పి ఎండని పట్టుకుంటే చాలు. రాయి ఇచ్చిన పిల్ల తల్లి ఓబుళమ్మ అని, పులివెందుల బస్టాండుకి తనే వస్తుందని చెప్పింది. తండ్రిని కొన్నేళ్ళ కింద చంపేశారట. అందుకే పిల్లని ఊళ్ళో ఉంచకుండా ప్రొద్దుటూరు హాస్టల్లో పెట్టిందట.

తర్వాత ఊళ్ళ సంగతి చెప్పింది. ప్రతి ఊళ్ళో రెండు వర్గాలు. ఒక వర్గం ఒక జెండా పట్టుకుంటే రెండో వర్గానికి మిగిలిన జెండా. ఆ జెండాల మీద ఏం రాసుందో ఎవరికీ పట్టదు, అవతలివాడు పట్టుకున్నది కాకపోతే చాలు. ఆడవాళ్ళ జోలికి రారు, ఆ భయం వద్దంది. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోమంది. "ఎవురింట్లో సంగటి తింటే నువ్వు వాళ్ళ మనిషివి. అవతలోళ్ళ గడప దిక్కు మళ్ళా సూడనే కూడదు."

జమ్మలమడుగు

పులివెందులకి సూటిగా పోకుండా జమ్మలమడుగులో దిగడం నా బలహీనత. ఆ ఊరి బండల గురించి పాఠం చెప్పడమే గానీ చూసింది లేదు. తీరా చూస్తే అక్కడ బండ లేనిది ఏమిటని వెతుక్కోవాలి. ఇంటి కప్పు బండ, అరుగు బండ, కాలవ మీద బండ, గొడ్లు తాగే తొట్టి బండ. చేనుకి కంచె కూడా బండలే, నిలువుగా పాతేసి ఉన్నాయి. మేము కొబ్బరాకుతో చేసుకునే పనులన్నీ వీళ్ళు రాయితో చేసేస్తున్నారు.

బండలు కోసి పాలిష్ చేసే ఫ్యాక్టరీలోకి అనుమతి అడక్కుండానే వెళ్ళిపోయాను. యజమాని ఒక ముసలి సాయిబుగారు. కొనడానికి రాలేదని చెప్పినా కుర్చీ వేయించి టీ తెప్పించారు. ఈ బండ ఒకప్పుడు సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపు బురద అని, ఆ నీళ్ళు పెద్ద అలజడి లేనివి కాబట్టే ఇంత చదునుగా విడుతోందని చెప్పాను. ఆయన కోసే మిషను ఆపించి మరీ విన్నారు. "అంటే ఇన్నేండ్లూ నేను సముద్రాన్ని కోసి అమ్ముకుంటాండానా?" అన్నారు. అవునన్నాను. పనివాళ్ళందరినీ పిలిచి ఆ మాట మళ్ళీ చెప్పించారు. నేను ఏరుకున్న ముక్కలకి డబ్బులివ్వబోతే కోప్పడ్డారు. మా కాలేజీలో ఇంత శ్రద్ధగా విన్న క్లాసు ఒక్కటి గుర్తురావడం లేదు.

ముద్దనూరు దారిలో

ఆ ముక్కలు దారిలో కొట్టుకుని అంచులు పోకుండా ఒక్కో దాన్నీ పాత పేపర్లో ఉండలా చుట్టాను. పైన పురికొసతో గట్టిగా బిగించాను. పక్క కోతమిల్లులో రంపపు పొట్టు అడిగి తెచ్చుకుని, ఒక బకెట్టులో పోసి, ఉండలన్నీ అందులో సర్దుకుని బస్సెక్కాను. నాకు సీటు దొరకడమే కాదు, నా చుట్టూ మూడు సీట్లు ఖాళీ అయిపోయాయి. నిలబడ్డవాళ్ళు కూడా నా దగ్గరికి రాకుండా వెనక్కి సర్దుకున్నారు. ఆడమనిషంటే ఈ సీమలో ఎంత మర్యాదో అని కళ్ళు చెమ్మగిల్లాయి. మా ఊరి బస్సుల్ని తలుచుకుని మనసులో తిట్టుకున్నాను కూడా.

ముద్దనూరులో బస్సు ఆగితే డ్రైవరు దిగి ఎవరితోనో గుసగుసలాడాడు. ఒక కానిస్టేబుల్ వచ్చి, కిందనే నిలబడి, కిటికీలోంచి, బకెట్టుని కదపకుండా దిగండి మేడం అన్నాడు. దిగాను. దూరంగా ఒక రాతి మీద కూర్చోబెట్టి ఒక్కో ఉండా నా చేతే విప్పించాడు. రాయి తర్వాత రాయి బయటపడుతుంటే ఆయన మొహంలో నిరాశో నిశ్చింతో తెలియలేదు. నేను గట్టిగా దబాయించాను, రాళ్ళు చుట్టుకోవడం కూడా నేరమా అని. "పురికొసతో సుట్టి పొట్టులో పెట్టేది ఈ జిల్లాలో ఒక్కదాన్నే మేడం" అన్నాడు. నాటుబాంబుల బకెట్టుకి జరిగిన మర్యాద అదని అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. బస్సులోకి తిరిగొస్తే అందరూ నవ్వుతున్నారు. ఒకావిడ తన బొరుగుల పొట్లం, మా మరమరాలే, నా ఒళ్ళో పెట్టింది.

పులివెందుల దాటాక

ఓబుళమ్మ బస్టాండులో నిలబడి ఉంది. నాకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది. పొడుగ్గా, నిటారుగా, తలనిండా కొంగు కప్పుకుని ఉంది. నా సంచి అందుకుని "రా పాపా" అని ముందు నడిచింది. జీపులో ఊరు చేరాం. ఊరి పేరు పరిశోధన పత్రంలో రాశాను, ఇక్కడ మాత్రం రాయను. అక్కడివాళ్ళ ఉప్పు తిన్నాను, అదీ రెండిళ్ళలో.

ఆవిడ ఇల్లు చాలా పెద్దది, మనుషులు మాత్రం లేరు. ఎత్తయిన గోడ, ఇనప రేకు తలుపు. మొగుడున్నప్పుడు రోజూ ఇంటి నిండా జనమేనట, ఆయన పోయాక ఒకరొకరే అవతలి వైపు వెళ్ళిపోయారట. రాగి సంగటి ముద్ద మధ్య గుంట చేసి నెయ్యి పోసి, పప్పు, ఊరిబిండి వేసి పెట్టింది. మా ఊళ్ళో వరన్నం తప్ప అన్నం కాదనుకునేదాన్ని. రెండో ముద్ద అడిగి వేయించుకున్నాను.

ఆవిడ చెప్పింది ఇదీ. కొండ పాదాన ఉన్న చేను తనది. దాని పై గట్టు దాటితే కొండవాలు నాగప్పది. నాగప్ప ఆవిడ మొగుడికి పెద్దనాన్న కొడుకు, ఆవిడకి బావ వరస. ఊళ్ళో రెండో వర్గానికి పెద్ద. ఆవిడ మొగుణ్ణి ఆ కొండవాలు మీదే చంపారు. ఎవరు చంపించారో ఊరందరికీ తెలుసు, కోర్టుకి మాత్రం తెలియలేదు. ఆ రోజు నుంచి కిందివాళ్ళు పైకి, పైవాళ్ళు కిందికి ఆ గట్టు దాటలేదు. ఆవిడ చేనులోకి కూలికి రావడానికి కూడా జనం భయపడతారు, అందుకే అది బీడు పడింది. ఇప్పుడు నాగప్ప పార్టీ అధికారంలో ఉంది, రోడ్డు కాంట్రాక్టు ఆయనకి వచ్చింది. కొండకి తూట్లు కొట్టడం అయిపోయింది, ఎల్లుండి మందు కూరతారు.

"నా పిల్ల రాయి ఏరింది ఆడనే. దాన్ని ఎర్రగడ్డల బండ అంటాము" అంది. ఎర్రగడ్డలంటే మా ఉల్లిపాయలు.

మర్నాడు తెల్లవారగానే ఆ చేనుకి తీసుకెళ్ళింది. పేరు పెట్టినవాళ్ళకి దండం పెట్టాలి. బండ మీద సగానికి కోసిన ఉల్లిపాయల్లాంటి చుట్లు, చేటంతవి, బండి చక్రమంతవి, వంక ఒడ్డు పొడుగునా ఉన్నాయి. అవి చూడగానే నేను మా ఊరి ఉప్పుమడుల దగ్గర ఉన్నట్టయింది. మడుల్లో నీళ్ళు పలచబడినప్పుడు అడుగున ఆకుపచ్చ పాచి చాపలా కమ్ముతుంది. దాని మీద మట్టి పడుతుంది, ఆ మట్టి మీదికి మళ్ళీ పాచి పాకుతుంది. అలా పొర మీద పొర వేసుకుంటూ పోయి రాయిగా మారినవే ఈ చుట్లు. పాచికి ఎండ కావాలి, ఎండ లోతుకి దిగదు. అంటే ఈ బీటలువారిన సీమ ఒకప్పుడు ఎండ అడుగుదాకా తగిలే సముద్రపు ఒడ్డు. ఓబుళమ్మకి చెబితే, నీళ్ళా, ఈడనా, అని చాలాసేపు నవ్వింది.

కానీ నా నల్ల రాయి ఆ కింది పొరల్లో లేదు. పొరలు కొండవైపు ఎక్కుతూ గట్టు కిందకి దూరి పైకి వెళ్ళిపోతున్నాయి. నాక్కావలసింది గట్టు దగ్గరో, దానికి పైనో ఉంది. అటు చూస్తే నాగప్ప మనుషులు ఇద్దరు నిలబడి, సుత్తి పట్టుకున్న నన్నే చూస్తున్నారు. గట్టు ఎక్కబోతే వాళ్ళలో ఒకడు, ఓబుళమ్మ ఇంట్లో తిన్న మనిషి ఇటు రాకూడదమ్మా అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

రజియా చెప్పిన మాట అప్పుడు బుర్రలో వెలిగింది. తిన్నదాన్ని కక్కలేను కదా. అలాగని సగం కొండ చదివి వెనక్కి పోతే ఆ పెద్దాయన మళ్ళీ ఊరేది పేరేది అంటాడు, ఈసారి అడగడానికి కొండ కూడా ఉండదు. ఓబుళమ్మతో, అక్కా, నేను నాగప్ప గారింటికి వెళ్ళి అన్నం అడుగుతాను అన్నాను.

ఆవిడ మొహం గట్టిపడింది. బీడు చేనుకేసి చూసింది. తర్వాత, "నీ కడుపు, నీ ఇష్టం. రాత్రికి నా ఇంట్లో సంగటి ఉంటాది" అంది. ఆ మాట అనడానికి ఆ ఊళ్ళో ఎంత గుండె కావాలో నాకు తరువాత తెలిసింది.

రెండో భోజనం

నాగప్ప ఇంటి ముందు జెండా కట్టిన జీపు ఉంది, అరుగు నిండా మనుషులున్నారు. నేను వెళ్తుంటే వీధిలో తలుపులు ఒకటొకటే తెరుచుకున్నాయి. దడగా లేదని అబద్ధం చెప్పను. కానీ కొంగు నడుముకి దోపి, తల ఎత్తుకునే నడిచాను.

నాగప్ప అరవై దగ్గరపడిన మనిషి. తెల్లటి పంచె, తెల్లటి మీసం. ఏ పార్టీ పంపించింది నిన్ను అని అడిగాడు. రాళ్ళ పార్టీ అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఆకలేస్తోంది, అన్నం పెట్టిస్తారా అన్నాను. అరుగు మీద అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అన్నం అడిగిన ఆడమనిషికి లేదనడం ఆ ఇంటి పరువుకి కుదరదు, అవతలింట్లో తిన్న మనిషికి పెట్టడమూ కుదరదు. ఆయన చాలాసేపు మీసం నిమురుకుని లోపలికి కేకేశాడు. జొన్నరొట్టె, నాటుకోడి పులుసు వచ్చాయి. వడ్డించినావిడ నేను తింటున్నంతసేపూ ఓబుళమ్మ ఎలా ఉంది, ఆరోగ్యం బాగుందా అని గొంతు తగ్గించి అడుగుతూనే ఉంది.

తిన్నాక పని చెప్పాను. వంక నుంచి కొండవాలు పైదాకా పొరల్ని టేపుతో కొలవాలి, ఒక్క పొర కూడా వదలకూడదు, ఒక రోజు చాలు అన్నాను. సంచిలోంచి టేపు తీసి చూపించడమే పొరపాటైంది. అరుగంతా లేచి నిలబడింది. ఆ ఊళ్ళో టేపు కనబడిందంటే గట్టు జరపడానికే. నేను సర్వేయరునని, ఓబుళమ్మ నన్ను పిలిపించిందని వాళ్ళకి క్షణంలో నిశ్చయమైపోయింది. పొరల మందం కొలవడానికే ఈ టేపు అని ఎంత చెప్పినా నమ్మలేదు. చివరికి నాగప్పే తీర్పు చెప్పాడు. "కొలిచేది నువ్వు. పైకొస పట్టుకునేది నేను. ఇంకొకరి చేతికి ఇయ్యను."

ఆ మాట ఓబుళమ్మకి చెప్పాను. ఆవిడ చేతిలో చెంబు కింద పెట్టింది. "ఆయప్ప పైకొస పట్టుకుంటే కిందికొస నేనే పట్టుకుంటా. జీతగాని చేతికిచ్చి నా గట్టు పోగొట్టుకోను" అంది.

టేపు

ఆ విధంగా, ఆ మధ్యాహ్నమే, మర్నాడు మందు పెట్టబోయే కొండ మీద, ఏళ్ళ తరబడి ఒకరి మొహం ఒకరు చూడని ఇద్దరు నా టేపుకి చెరో కొసా పట్టుకుని నిలబడ్డారు. కింద వంకలో ఆవిడ, పైన వాలు మీద ఆయన, మధ్యలో సుత్తితో నేను. ఊరు సగం చూడ్డానికి వచ్చింది. గట్టుకి ఆ పక్కన ఒక వర్గం, ఈ పక్కన ఒక వర్గం.

టేపు బిగుతుగా ఉండాలి, వదులైతే కొలత తప్పు అని చెప్పాను. అంతే, ఆయన ఇలా లాగాడు, ఆవిడ అలా లాగింది. నా టేపు తెగేలా ఉంది. తాడాట కాదు, తెగిందంటే మీ ఇద్దరి చేతా కొనిపిస్తానని అరిచాను. జనంలో మొదటిసారి నవ్వు వినిపించింది. ఇద్దరూ కొంచెం కొంచెం సడలించారు. ఆ తర్వాత నేను బిగించండి అంటే ఇద్దరూ ఒక్కసారి బిగించేవారు, వదలండి అంటే ఒక్కసారి వదిలేవారు. మాట మాత్రం లేదు.

కింద ఉల్లి చుట్ల పొరలు. వాటి పైన చిన్న చిన్న అలల గీతలున్న బండ. ఆటు పోయినప్పుడు మా కాకినాడ తీరంలో తడి ఇసక మీద పడే గీతలు అచ్చం అవే. దాని పైన నెర్రెలు. ఎండాకాలం చెరువు అడుగున బురద పగిలినట్టు, పలక పలకలుగా పగిలి, అలాగే రాయైపోయిన నెర్రెలు. నీళ్ళు వచ్చేవి, పోయేవి, ఎండ కాసేది, మళ్ళీ వచ్చేవి. ఇక అనుమానమేముంది?

ఆ నెర్రెల పొర మీద, సరిగ్గా గట్టు ఆనుకుని, నల్లటి చెకుముకి పట్టీ కనిపించింది. దాని మధ్యన ఇటుకరంగు చార. నా రాయిలోనూ అదే చార. దానికి జానెడు దూరంలో తూటు కొట్టి ఉంది. ముక్క కొట్టి, తడిపి, భూతద్దం పెట్టాను. కాకినాడ తిరిగొచ్చాక కోసి చూశాను. వాళ్ళే. ఆ కణాలే, ఆ జంటలే. సముద్రం ఒడ్డున, మోకాలి లోతు నీళ్ళలో, ఎండ పొడలో బతికారని ఇప్పుడు ఎవరడిగినా చెప్పగలను. ఆ పొర మీద నిలబడి కొట్టి తెచ్చింది నేను. ఈ మాట ఇంకో పదిసార్లు రాయాలని ఉంది.

గట్టు కింద వైపు ఆరు ముక్కలు కొట్టి సంచిలో వేసుకున్నాను. పై నుంచి నాగప్ప లెక్కపెడుతున్నాడు. ఆయమ్మ పక్క ఎన్ని తీసుకుంటివో నా పక్కా అన్నే తీసుకో అని పట్టుబట్టాడు. అక్కర్లేకపోయినా ఆరు కొట్టాను. ఒకటి పెద్దదైపోయిందని కిందివాళ్ళు గొడవ చేస్తే దాన్ని చిన్నది చేశాను.

బండ మీద అద్దం

మైక్రోస్కోపు పెట్టడానికి చదునైన బండ గట్టుకి పైన, ఎండలో ఒకటే ఉంది. అక్కడ పెట్టి, తెచ్చుకున్న పాత పలక బిగించి, అద్దం తిప్పి, నాగప్పని పిలిచాను. ముందు ఆయనకి తన కనురెప్పలే కనిపించాయి. ఏమీ ల్యాదు, ఎంటికలు కనపడతాండాయి అన్నాడు. రెండో కన్ను మూయించి మళ్ళీ చూపించాను. ఈసారి చాలాసేపు వంగే ఉన్నాడు.

ఎంత వెల చేస్తాయివి అని అడిగాడు. ఆ చుట్టుపక్కల ముగ్గురాయి గనులున్నాయి, రాతినార గనులున్నాయి, ఆయన అడగడంలో తప్పులేదు. వెల ఉందంటే ఎంతో కొంత పని జరుగుతుందని నాకూ అనిపించింది. అబద్ధం ఆడబుద్ధి కాలేదు. పైసా రాదు, కంకరకైతే ఇంతకంటే మంచి రాయి అవతలి కొండలో ఉంది అన్నాను. ఇవి భూమ్మీద మొదట బతికినవాటిలో కొన్ని అని, ఆయన తాతకి తాత కాదు, చెట్టుకీ పుట్టకీ కూడా తాతలని చెప్పాను.

"మీ కాకినాడలో ఉండాయా?" అన్నాడు.

లేవన్నాను. మాది నిన్నగాక మొన్న గోదావరి తెచ్చి పోసిన మట్టి అని ఒప్పుకున్నాను. ఆయన నడుం నిటారైంది. తనవాళ్ళ వైపు తిరిగి, "వింటిరా? కాకినాడ నిన్న పుట్టిందంట. మనమే పాత" అన్నాడు. మీసం కింద నవ్వు దాచుకోలేకపోయాడు. నిజం చెప్పద్దూ, నాకూ గర్వంగానే ఉంది, నాది కాని ఊరి గురించి.

ఓబుళమ్మ గట్టు అవతల నిలబడి ఉంది. అక్కా, నువ్వూ వచ్చి చూడు అన్నాను. కదల్లేదు. నాగప్ప మైక్రోస్కోపు పక్కనే నిలబడి ఉన్నాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన నాలుగడుగులు పక్కకి జరిగి, అటు తిరిగి నిలబడ్డాడు.

ఓబుళమ్మ కొంగు సర్దుకుని గట్టు ఎక్కి దిగింది. వంగి చూసింది. నేను పక్కనుంచి, ఆ గుండ్రటివి ఒక్కోటీ ఒక ప్రాణం అక్కా, ఇక్కడే బతికాయి అని చెప్పాను. చూస్తూనే ఉంది. లేచేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా వైపు చూడలేదు. అటు తిరిగిన నాగప్ప వీపుకేసి చూస్తూ అంది.

"ఆయన పడింది ఈ బండ మీదనే బావా. ఇన్నేండ్లూ దీన్ని సచ్చిన బండ అనుకుంటి. దీని మీద బతికినోళ్ళు గూడా ఉండారే."

నాగప్ప వెనక్కి తిరగలేదు. తూట్లు కొట్టేవాణ్ణి పేరుపెట్టి పిలిచి, సామాన్లు ఎత్తు, అవతలి కొండ చూస్తాము అన్నాడు. మనుషుల్ని తీసుకుని వాలు దిగి వెళ్ళిపోయాడు. ఆ కొండకి ఆ తర్వాత మందు పెట్టలేదని రజియా మొన్న కూడా చెప్పింది.

నేను టేపు చుట్టుకున్నాను, రాళ్ళు సర్దుకున్నాను. ఈసారి పురికొస వాడలేదు. ఓబుళమ్మ గట్టు దాటి వెనక్కి రాలేదు. ఆ బండ మీదే, ఎండలో, కాళ్ళు చాపుకుని కూర్చుంది. పొమ్మని ఎవరూ అనలేదు.